నలుగు పెట్టండి, నలిపివేయకండి

పండుగలు దగ్గరపడుతున్నాయంటే చాలు, నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ముఖాన్ని గురించే ఉంటాయి. ముఖం నునుపుగా, కళగా ఉండడానికి ఖరీదయిన సీసాలు కొనక తప్పదా, ఇంట్లో ఉన్నవాటితో సరిపెట్టుకోవచ్చునా అని అడుగుతున్నారు. సరిపెట్టుకోవడం అనే మాట ఎందుకు? ఈ ఒక్క విషయంలో మన వంటిల్లు బజారుకేమీ తీసిపోదు. అయితే వంటింట్లో ఉన్నదల్లా ముఖానికి పనికివస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. ఏది పనికివస్తుందో, ఏది రాదో, ఎందుకు రాదో ఈ వారం చెప్పుకుందాం.

ముందు చర్మం సంగతి. మనకు పైకి కనిపించే పొర ప్రాణం లేనిది. అడుగున పుట్టిన కణాలు మెల్లగా పైకి వచ్చి, ఎండి, పొట్టులా రాలిపోతూ ఉంటాయి. వయసులో ఉన్నవారికి ఈ ప్రయాణానికి ఇంచుమించు నాలుగు వారాలు పడుతుంది. వయసు పైబడిన కొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. రాలవలసిన పొట్టు రాలక అంటిపెట్టుకుని ఉంటే ముఖం గరుకుగా, వెలవెలబోయినట్లుగా ఉంటుంది. ఆ పొట్టు వదలడానికి కాస్త సాయం చేయాలి, అంతే. దాని కింది పొరను కూడా గీకామా, దుమ్ము దులపబోయి గోడ సున్నం రాల్చినట్లవుతుంది.

అన్నిటికంటె చవక అయిన సాధనం పాత నూలుపంచె ముక్క. బాగా ఉతికి మెత్తబడిన గుడ్డను గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, తడిసిన ముఖం మీద అరనిమిషం సేపు సుతారంగా తిప్పండి. తువ్వాలు వద్దు, దాని పోగులు గరుకు. వాడిన గుడ్డను ప్రతిసారీ ఉతికి ఎండలో ఆరవేయాలి. తడిగుడ్డను స్నానాలగదిలో చిలక్కొయ్యకు వదిలేస్తే సూక్ష్మక్రిములకు ఇల్లు కట్టి ఇచ్చినట్లే.

రెండోది మన సున్నిపిండి. పెసలు నాలుగు పాళ్లు, శనగపప్పు రెండు పాళ్లు, బియ్యం ఒక పాలు, ఎండిన గులాబి రేకులు గుప్పెడు తీసుకోండి. ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి మరపట్టించండి. ఒంటికయితే అలాగే వాడుకోవచ్చును. ముఖానికి మాత్రం పలుచని మల్లుగుడ్డలో వేసి వస్త్రగాళితం చేయండి. బియ్యపు నలుసు గుడ్డలోనే నిలిచిపోతుంది. గాలి చొరని సీసాలో పోసి, తడిచేయి పెట్టకుండా వాడుకుంటే చాలాకాలం నిలవ ఉంటుంది.

నలుగుకు ముందు నూనె అంటడం మన పెద్దల ఆచారం. అందులో మంచి యుక్తి ఉంది. నూనె ఉండడం వల్ల పిండి చర్మాన్ని గీసుకోకుండా జారుతుంది. పిండి ఆ నూనెను, దానితో కలిసిన జిడ్డును పీల్చుకుని వస్తుంది. పొడిచర్మం గలవారు రెండు చుక్కల నువ్వులనూనె రాసుకుని, ఒక చెంచా పిండిని పాలతో కలిపి వాడండి. జిడ్డుముఖం వారు నూనె మానేసి పెరుగుతో కలుపుకోండి. రాసిన పిండిని ముఖం మీద అట్టకట్టేదాకా ఎండనిచ్చి రాల్చడం మంచిది కాదు. తడిగా ఉండగానే వేళ్ల కొసలతో ఒక్క నిమిషం తిప్పి కడిగేయాలి.

సున్నిపిండిలో బావంచాలు వేయడం కొన్ని ఇళ్లలో అలవాటు. ముఖానికి వాడే పిండిలో అవి వేయకండి. వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది సోకిన చర్మం ఎండకు తట్టుకోలేక కమిలి నల్లబడుతుంది. బొల్లి మచ్చలకు ఆ గుణాన్నే వైద్యులు మందుగా వాడుకున్నారు. మందుగా వాడవలసినదాన్ని అలంకారానికి వాడకూడదు గదా!

ఆ జాతి పదార్థాలే నిమ్మజాతి కాయల్లోనూ ఉన్నాయి. ముఖానికి నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లినవారికి బొబ్బలు, నల్లమచ్చలు రావడానికి కారణం అదే. అదీగాక నిమ్మరసం పులుపు చర్మానికి మరీ ఘాటు. పులుపు కావాలంటే పెరుగు ఉంది. పెరుగులోని పులుపు లాక్టిక్ ఆమ్లం, అదీ కొద్దిపాటి. 1974లో అమెరికాలో వాన్ స్కాట్, యూ అనే ఇద్దరు పరిశోధకులు, పాలలో పండ్లలో లభించే ఈ రకం ఆమ్లాలు చర్మపు పొట్టు పట్టును సడలిస్తాయని ప్రకటించారు. ఇప్పుడు ఎన్నో సీసాల మీద కనిపించే పేర్లు ఆ ఆమ్లాలవే. తియ్యటి పెరుగు పలుచగా రాసి పది నిమిషాలుంచి కడుక్కుంటే మన పాటికి మనకు చాలు. సీసామందు చేసినంత పని చేయదు. అంత హానీ చేయదు.

ఇక పనికిరానివి. పంచదార, ఉప్పు, కాఫీపొడి పిప్పి: వీటి పలుకులకు అంచులుంటాయి. మడమలకు, మోచేతులకు వాడుకోండి, బుగ్గలకు వద్దు. బీరపీచు వీపుకు, పాదాలకు. వంటసోడా క్షారం, చర్మానికి సహజంగా ఉండే కొద్దిపాటి ఆమ్లగుణాన్ని చెడగొడుతుంది. పచ్చి బొప్పాయి వేస్తే మాంసం మెత్తబడుతుందని వండేవారికి తెలుసు. ఆ పాలు మన చర్మాన్ని మాత్రం ఊరికే వదులుతాయా? బజారు సరుకయినంత మాత్రాన మంచిదనీ కాదు. ముఖం రుద్దుకునే క్రీములలో వేసే సన్నని ప్లాస్టిక్ పూసలు నీళ్లతో కొట్టుకుపోయి చెరువులను, సముద్రాలను చేరుతున్నాయని 2015లో అమెరికా వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది.

ఒక తల్లి వ్రాసిన ఉత్తరం ఇక్కడే ప్రస్తావించాలి. వారి అమ్మాయి చామనచాయ. ఆ కారణంగానే ఒక సంబంధం తప్పిపోయిందట. వచ్చే ఆదివారం మళ్లీ పెళ్లిచూపులు. రోజూ రెండుపూటలా నిమ్మచెక్కకు పంచదార అద్ది రుద్దుతున్నారు. బుగ్గలు ఎర్రబడి మంటగా ఉన్నాయి, అందులో ఇంకేమి కలిపితే బాగుంటుందని అడిగారు.

అమ్మా, ఏమీ కలపకండి. ఈ రోజే ఆపేయండి. చల్లని నీళ్లతో కడిగి, పలుచగా వాజిలైన్ రాసి, ఎండ తగలకుండా చూడండి. మంట తగ్గకపోయినా, రసి కారినా చర్మవైద్యుడికి చూపించండి. చర్మానికి రంగునిచ్చే కణాలు పైపొట్టులో లేవు, చాలా కింద ఉన్నాయి. ఎంత రుద్దినా ఆ రంగు రాదు సరికదా, మన ఛాయ గలవారికి చర్మం దెబ్బతిన్న ప్రతిచోటా నల్లమచ్చ మిగులుతుంది. అది పోవడానికి నెలలు పడుతుంది. నైలాను పీచుతో ఏళ్ల తరబడి రుద్దుకున్నవారి వీపు మీద నల్లని చారలు రావడం వైద్యులు ఎరిగినదే. తెల్లబరచడానికి చేసే పనే నల్లబరుస్తుందన్నమాట. మరొక మాట, కోపగించుకోకండి. రెండుపూటలా మంట పుట్టేటట్లు రుద్దుతూ ఉంటే ఆ అమ్మాయికి మీరు చెబుతున్నదేమిటి? నీ ముఖంలో ఏదో తప్పుంది, తుడిచివేయాలి అనే గదా. ఆ మాట బయటివాళ్లు ఒకసారి అన్నారు. ఇంట్లో రోజూ వినిపించకండి. రంగు చూసి వెళ్లిపోయినవారు అడిగింది శుభ్రమయిన ముఖాన్ని కాదు, వేరొక ముఖాన్ని. అది తెచ్చి ఇచ్చే సున్నిపిండి లేదు, ఉండనక్కరలేదు.

మిగిలినవి చిన్న నియమాలు. పొడిచర్మానికి వారానికి ఒకసారి, జిడ్డుచర్మానికి రెండుసార్లు చాలు. చీముపట్టిన మొటిమలు, పుండ్లు, తామర, ఎండకు కమిలిన చర్మం ఉన్నప్పుడు అసలు వద్దు. మొటిమలకు వైద్యుడిచ్చిన పూతమందు వాడుతున్నవారు ఆయనను అడిగాకనే చేయాలి. కొత్తది ఏది వాడదలచినా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి. శనగపిండి అయినా పడనివారుంటారు. ఈ పని సాయంత్రం పెట్టుకుంటే మంచిది. మర్నాడు బయటికి వెళితే గొడుగు మరవకండి. మగవారికి గడ్డం గీసుకోవడంతోనే బుగ్గల మీది పొట్టు సగం పోతుంది. వారు మళ్లీ రుద్దుకోనక్కరలేదు, మీ డబ్బాలోని పిండి మిగులుతుంది!

ఇంతకీ గుర్తుంచుకోవలసిన కొలత ఒక్కటే. కడుక్కున్నాక ముఖం హాయిగా ఉండాలి. చురుక్కుమన్నా, బిగదీసినట్లున్నా మీరు నలుగు పెట్టుకోలేదు, చర్మాన్ని నలిపారని అర్థం.