కాబూలు కబాబు - మన ఎండు తునకలు

వార్షికోత్సవ సంచికకు వ్యాసం పంపమని హాస్టల్ తమ్ముళ్లు అడిగినప్పుడు, నేను పోటీ పరీక్షల గురించో వ్యక్తిత్వ వికాసం గురించో రాస్తానని అనుకుని ఉంటారు. ఆ విషయాలు రాసే పెద్దలు ఈ సంచికలోనే చాలామంది ఉంటారు. నేను మాత్రం తిండి గురించి రాస్తున్నాను. అందులోనూ ఢిల్లీలో ఆఫ్ఘనిస్తాన్ వాళ్లు నడిపే చిన్న చిన్న కబాబు హోటళ్ల గురించి రాస్తున్నాను. హాస్టల్ పిల్లలకు దానితో ఏం పని అని కొట్టిపారేయకండి. పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడి పెరిగినవాళ్లం. తిండి విలువ ఎంతో, తిండి పేరుతో జరిగే అవమానం ఎలా ఉంటుందో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లు ఢిల్లీలో ఉన్నాను. ఆ నగరానికి దక్షిణాన లజపత్ నగర్ అనే పెద్ద కాలనీ ఉంది. 1947 దేశ విభజన సమయంలో పాకిస్తాన్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకుల కోసం ఏర్పడిన కాలనీ అది. ఆ తర్వాత అక్కడికి ఆఫ్ఘనిస్తాన్ వాళ్లు రావడం మొదలైంది. 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం ఆ దేశంలోకి వచ్చినప్పుడు, 1992 తర్వాత అంతర్యుద్ధం చెలరేగినప్పుడు, 1996లో తాలిబన్లు కాబూలును పట్టుకున్నప్పుడు, 2021 ఆగస్టు 15న మళ్లీ వాళ్లే గద్దెనెక్కినప్పుడు ఇలా ప్రతిసారీ కొందరు ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చారు. ఢిల్లీ ఆసుపత్రుల్లో వైద్యం కోసం వచ్చిపోయేవాళ్లు వేరు. ఇంతమంది కోసం అక్కడ రొట్టెల కొట్లు, మందుల షాపులు, హోటళ్లు వెలిశాయి. బోర్డులు వాళ్ల దరీ భాషలోనే ఉంటాయి. శరణార్థుల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టమంటూ ఏదీ లేదు. రేపు ఏమవుతుందో తెలియని బతుకుల మధ్య ఆ హోటళ్లు నడుస్తున్నాయి.

ఆ హోటళ్లలో హంగు ఆర్భాటం ఏమీ ఉండవు. గుమ్మం దగ్గర పొడవాటి ఇనుప తొట్టిలో బొగ్గుల నిప్పు ఉంటుంది. దాని మీద మాంసం గుచ్చిన చువ్వలు వరుసగా పేర్చి, ఒకతను విసురుతూ తిప్పుతూ ఉంటాడు. లోపల మామూలు బల్లలు, కుర్చీలు. కొన్నిచోట్ల తివాచీ పరిచిన అరుగులుంటాయి, బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు. మనం కూర్చోగానే మూరెడు పొడవున్న నాన్ రొట్టె వస్తుంది. దానితోపాటు ఉల్లిగడ్డ ముక్కలు, కొత్తిమీర చట్నీ. ఆ తర్వాతే మనం చెప్పిన కబాబు.

వాళ్ల కబాబులో మనం ఎరిగిన కారం ఉండదు. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, ధనియాలు పట్టించిన మాంసం ముక్కల మధ్య తోకకొవ్వు ముక్క ఒకటి గుచ్చుతారు. దుంబా అనే జాతి గొర్రెకు తోక దగ్గర కొవ్వు ముద్దలా పేరుకుంటుంది. నిప్పుల మీద ఆ కొవ్వు కరిగి పక్క ముక్కలను తడుపుతుంది. అందుకే ముక్క ఎండిపోదు. చప్లీ కబాబు అయితే మాంసం కైమాలో ధనియాలు, ఎండిన దానిమ్మ గింజలు కలిపి బిళ్లగా తట్టి వేయించేది. ఇక కాబూలీ పులావు వాళ్లకు పండుగ వంట. మాంసం ఉడికించిన రసంలోనే బియ్యం వండి, లోపల మాంసం దాచి, పైన సన్నగా తరిగిన క్యారెట్, ఎండుద్రాక్ష చల్లుతారు. మొదటిసారి తిన్నప్పుడు అన్నంలో ఈ తీపి ఏమిటి అనిపిస్తుంది. రెండోసారికి అలవాటవుతుంది. చివర్లో యాలకుల వాసనతో గ్రీన్ టీ ఇస్తారు.

ఈ వంటల్లో నన్ను ఆలోచింపజేసింది చోపన్ కబాబు. చోపన్ అంటే గొర్రెల కాపరి. పక్కటెముకలతో ఉన్న మాంసాన్ని ఉప్పు పట్టించి చువ్వకు గుచ్చి కాల్చడమే ఆ వంట. కొండల్లో గొర్రెలు మేపుకునేవాడు తినే తిండి అది. దాన్ని ఆ కాపరి పేరుతోనే హోటలు మెనూలో రాసుకున్నారు. పేరు మార్చలేదు, రాజుల వంటకమని అబద్ధం చెప్పలేదు. మన దగ్గర గొర్రెలు కాసేవాళ్లు లేరా? గొర్రెను కోసి పంచుకోవడం, తలకాయ కాల్చి శుభ్రం చేయడం, బోటి కడిగి వండటం, మిగిలిన మాంసాన్ని దండెం మీద ఆరేసి ఎండు తునకలు చేయడం మన వాడల్లో ఎవరికి రాదు? కల్లు కాంపౌండు దగ్గర నిప్పుల మీద కాల్చే చీకులు ఎవరు తినలేదు? సీఖ్ అంటే చువ్వ. ఆ మాటే మన నోట చీకులు అయింది. మాటా ఒకటే, నిప్పూ ఒకటే. మరి తేడా ఎక్కడ వచ్చింది?

మర్యాదలో వచ్చింది. ఢిల్లీలో కాబూలు చువ్వల ఫోటో తీసి నలుగురికీ చూపించే పెద్దమనిషే, పక్క గదిలో మన కుర్రాడు ఊరి నుంచి తెచ్చుకున్న ఎండు తునకలు వేయిస్తే ముక్కు మూసుకుంటాడు. దూరదేశపు మాంసం రుచి, పక్కింటి మాంసం వాసన! ఇల్లు అద్దెకు అడగబోతే ముందు కులం అడగలేక 'మీరు నాన్‌వెజ్ తింటారా' అని అడిగే మహానగరాలు మనవి. 2014లో కేంద్ర ప్రభుత్వ నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసం తినేవాళ్లే. నూటికి తొంభై ఎనిమిది మంది తినే తిండి గురించి తప్పు చేసినట్టు గొంతు తగ్గించి మాట్లాడవలసిన పని ఏముంది? మాంసం తినడం దగ్గర కాదు అసలు తగాదా. ఎవరు తింటున్నారు, ఏ ముక్క తింటున్నారు అన్న దగ్గరే తగాదా. చికెన్ బిర్యానీ అని గట్టిగా చెప్పేవాళ్లం బోటి అనేటప్పుడు నవ్వి ఊరుకుంటాం. పెద్దకూర మాట వస్తే అటూ ఇటూ చూస్తాం. ఈ బెదురు మనతో పుట్టలేదు, మనకు నేర్పింది.

ఆఫ్ఘనిస్తాన్ తిండి మనకు అంత పరాయిది కూడా కాదు. మన ప్రకాశం, కర్నూలు జిల్లాల రైతులు పండించే పెద్ద తెల్ల శనగలకు కాబూలీ శనగలని పేరు. పులిహోరలో, సాంబారులో వేసే ఇంగువకు ముడిసరుకు ఎన్నో ఏళ్లుగా ఎక్కువ భాగం ఆఫ్ఘనిస్తాన్ నుంచే వస్తోంది. ఎంత మడి కట్టుకున్న వంటింట్లోనైనా ఆ కొండల ఇంగువ చేరింది. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక రెండో విషయం, కూర్చోవడం. మన తాతల కాలంలో ఊరి హోటల్లో మనవాళ్లకు బల్ల మీద చోటు లేదు. రెండు గ్లాసుల పద్ధతి మన పల్లెల్లో నడిచింది. చాయ్ తాగి, గ్లాసు తానే కడిగి, వేరుగా బోర్లించి వచ్చిన మనుషులు మన ఇళ్లలోనే ఉన్నారు. రాజ్యాంగం రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే 15వ అధికరణలో దుకాణాలు, హోటళ్లతోపాటు ప్రజలు భోజనం చేసే చోట్లనూ పేరు పెట్టి రాశారు. కులం, మతం, లింగం కారణంగా అక్కడ ఎవరినీ అడ్డుకోరాదన్నారు. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టం హోటల్లో అందరికీ పెట్టిన గిన్నెలు, గ్లాసులు వాడుకోనివ్వకపోవడాన్ని కూడా శిక్షించదగ్గ నేరం చేసింది. ఒక చవక హోటలు కుర్చీ వెనుక ఇంత చరిత్ర ఉంది మిత్రులారా! ఆ కుర్చీలో దర్జాగా కూర్చోండి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నగరానికి వెళ్లిన మన పిల్లలు చాలామంది హోటలు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. మెనూలో పేర్లు తెలియవు, ఎలా తినాలో తెలియదు, ఎంత అవుతుందో తెలియదు. ఎవరైనా నవ్వుతారేమోనని బండి మీద ఇడ్లీ తిని గదికి పోతారు. ఆఫ్ఘన్ హోటళ్లలో నాకు నచ్చింది ఏమిటంటే అక్కడ ఈ భయానికి తావు తక్కువ. స్పూను వాడకపోతే ఎవరూ వింతగా చూడరు, అందరూ చేత్తో రొట్టె తుంచుకునే తింటారు. పక్క బల్ల మీద ఆసుపత్రి నుంచి వచ్చిన ముసలాయన, ఇవతల కాలేజీ పిల్లలు, అవతల కూలి పని చేసుకునే ఇద్దరు. అందరికీ అదే రొట్టె, అదే చట్నీ. ఆఫ్ఘన్ ఇళ్లలో నేల మీద దస్తర్‌ఖాన్ పరిచి, పెద్ద పళ్లెం మధ్యలో పెట్టి, ముగ్గురు నలుగురు అందులోంచే తింటారు. రొట్టె ముక్క కింద పడితే తీసి, కళ్లకద్దుకుని పక్కన పెట్టే పెద్దలుంటారు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని మనం గోడల మీద రాసుకుంటాం. వాళ్లు చేతల్లో చూపిస్తారు.

అయితే రెండు మాటలు నిజాయితీగా చెప్పుకోవాలి. ఒక బల్ల దగ్గర తిన్నంతమాత్రాన కులం పోదు. 1936లోనే అంబేడ్కర్ 'కుల నిర్మూలన'లో సహపంక్తి భోజనాలు కుల భావాన్ని చంపలేకపోయాయని స్పష్టంగా రాశారు. హోటల్లో పక్కన కూర్చున్నవాడు ఇంటికి పిలుస్తాడని, పిల్లనిస్తాడని అనుకుంటే పొరపాటు. హోటలు ఇవ్వగలిగింది ఆ పూట మర్యాద మాత్రమే. కానీ ఆ మర్యాద కోసమే మన పెద్దలు దెబ్బలు తిన్నారు. కనుక దాన్ని చిన్నచూపు చూడలేం.

రెండోది, ఆ దేశాన్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. 2021 తర్వాత అక్కడ ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి మూతపడింది. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులు కూడా మూశారు. మన బాలికల హాస్టళ్లలో డిగ్రీ, పీజీ చదువుతున్న చెల్లెళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఢిల్లీ హోటల్లో రొట్టె తెచ్చిపెట్టే ఆ మనుషుల్లో, కూతురి చదువు ఆగిపోతుందనే దేశం విడిచినవాళ్లు కూడా ఉండవచ్చు. అన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్లు కూడా తమ వంట పేరు పోగొట్టుకోలేదు. కొత్త ఊళ్లో గిరాకీ కోసం చోపన్ కబాబును ఇంకేదో చేసి అమ్మలేదు. ఇదే మనం నేర్చుకోవలసింది.

చవక అంటున్నారు, ఎవరికి చవక అని తమ్ముళ్లు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 2024లో తెలంగాణ ప్రభుత్వం డైట్ చార్జీలు 40 శాతం పెంచిన తర్వాత కాలేజీ హాస్టల్ విద్యార్థికి నెలకు 2100 రూపాయలు. రోజుకు 70 రూపాయలన్నమాట. ఆ లెక్కన ఏ హోటలూ చవక కాదు. అందుకే ఒంటరిగా వెళ్లమని చెప్పను. నలుగురు కలిసి వెళ్లండి. ఒక పులావు, ఒక కబాబు, రొట్టెలు చెప్పి పంచుకోండి. అక్కడ అలా పంచుకోవడం చిన్నతనం కాదు, అదే పద్ధతి. తెలియని వంట పేరు చూస్తే అడగండి. అడిగితే చెప్పడానికి వాళ్లకు సంతోషం. ఏ ముక్క, ఎలా కాల్చారు, ఏం పట్టించారు అని తెలుసుకోండి. ఆ తర్వాత మన ఇంటి వంట గురించి ఎవరైనా అడిగితే మీరూ అంతే వివరంగా చెప్పగలగాలి. తునకలు ఎన్ని రోజులు ఎండాలి, చింతకాయ వేసి ఎలా వండాలి, జొన్న రొట్టె ఎలా తట్టాలి అనేవి మన అమ్మలకు తెలుసు. మనలో ఎంతమందికి తెలుసు?

చివరగా హాస్టల్ కమిటీకి, పూర్వ విద్యార్థులకు నాదొక సూచన. వార్షికోత్సవం రోజున బయటి నుంచి తెప్పించే బిర్యానీ ఎప్పుడూ ఉండేదే. వచ్చే ఏడు దాని పక్కన ఒక బల్ల వేద్దాం. విద్యార్థుల ఇళ్ల నుంచి వచ్చిన అమ్మలతో వండిద్దాం, వాళ్ల శ్రమకు తగిన డబ్బులు పూర్వ విద్యార్థులం మనం ఇద్దాం. బోటి, తలకాయ కూర, ఎండు తునకలు, గటక, పచ్చిపులుసు... ప్రతి గిన్నె ముందు దాని అసలు పేరు పెద్ద అక్షరాలతో రాసి పెడదాం. వచ్చిన అతిథులకు, అధికారులకు అక్కడే వడ్డిద్దాం. తినేవాళ్లు తింటారు, తిననివాళ్లను బలవంతం చేయవద్దు. మన తిండికి మన పేరే పెట్టుకుని నలుగురి ముందు బల్ల మీద పెట్టడం ఒక్కసారి అలవాటైతే, రేపు మనలో ఎవరో ఒకరు నగరంలో బోర్డు కట్టి హోటలు తెరుస్తారు. దానికి ఇంగ్లీషు పేరు వెతుక్కోవలసిన అవసరం ఉండదు.