శిక్షల లెక్క: సీరియలా, పారలలా?

పేపర్లో కోర్టు తీర్పుల వార్తలు చదివేవాళ్ళకి చివర్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: "శిక్షలన్నీ ఏకకాలంలో అమలవుతాయి". మోసానికి 7 ఏళ్ళు, ఫోర్జరీకి 5, కుట్రకి 3 అని వేళ్ళు మడుస్తూ వచ్చి, హమ్మయ్య 15 అనుకునేలోపు ఈ వాక్యం వచ్చి లెక్కని 7 దగ్గర ఆపేస్తుంది. మన భాషలో చెప్పాలంటే మూడు థ్రెడ్లూ పారలల్‌గా నడుస్తాయి, అన్నిటికన్నా పొడుగైనది ముగిసిన రోజు విడుదల. సీరియల్‌గా నడపమంటే మాత్రం ఒకటయ్యాక ఇంకోటి. నేరాలు అవే, మనిషి అతనే, సాక్ష్యాలూ అవే. ఒక్క వాక్యం మీద 8 ఏళ్ళ జీవితం ఆధారపడి ఉంది.

నేను లాయర్ని కాను, కోడు రాసుకు బతికేవాణ్ణి. కానీ ఇంత తేడా తెచ్చే ఇఫ్-ఎల్స్ మీద ఒక్క కామెంటు కూడా లేకపోతే మన రివ్యూలో ఒప్పుకుంటామా? నా గొడవంతా అదే.

మన ఫీల్డు వాళ్ళు దీని గురించి గట్టిగా వాదించుకున్నది 2015 ఏప్రిల్లో. సత్యం కేసులో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు 10 మందిని దోషులుగా తేల్చింది. కుట్ర, మోసం, ఫోర్జరీ, దొంగ లెక్కలు... ఇన్ని సెక్షన్లున్నా రామలింగరాజుకి పడింది 7 ఏళ్ళు. (మరుసటి నెలలోనే పై కోర్టు ఆ శిక్ష నిలిపి బెయిలిచ్చింది, అది వేరే కథ.) వెంటనే అందరూ "అమెరికాని చూడండి" అన్నారు. అక్కడ 2009లో బెర్నార్డ్ మేడాఫ్‌కి 11 నేరాలకీ గరిష్ఠ శిక్షలు వేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, 150 ఏళ్ళన్నారు. అప్పటికే ఆయనకి 71. 2021లో జైల్లోనే పోయాడు. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళకి ఆ అంకె చూస్తే కడుపు చల్లబడి ఉండొచ్చు, కాదనను. కానీ 71 ఏళ్ళ మనిషికి 40కీ 150కీ తేడా ఏముంది?

సరే, మనం కూడా అన్నీ సీరియల్‌గా వేసేద్దాం అనేవాళ్ళు ఇంకో కేసు చూడాలి. ఉత్తరప్రదేశ్‌లో ఒకాయన విద్యుత్ శాఖ సామాన్లు దొంగిలించాడని 9 కేసులు. అన్నిట్లోనూ నేరం ఒప్పుకున్నాడు. కేసుకి 2 ఏళ్ళు చొప్పున వేశారు. ఏకకాలంలో అని మాత్రం ఎవరూ రాయలేదు. రాయకపోతే చట్టం ప్రకారం డిఫాల్టు సీరియలే. అంటే 18 ఏళ్ళు! హైకోర్టు కూడా కుదరదంది. చివరికి 2022 డిసెంబర్లో సుప్రీం కోర్టు కల్పించుకుని, శిక్షలు ఏకకాలంలో నడవాలని చెప్పింది. హత్యకి యావజ్జీవం పడ్డవాడి విడుదల గురించి కూడా 14 ఏళ్ళు నిండితే ప్రభుత్వం ఆలోచించొచ్చు. వైర్లు, సామాన్లు దొంగిలించినవాడికి 18. ఇక్కడ జడ్జి ఎవరూ కఠినంగా లేరు. ఎవరూ కూడి చూడలేదు, అంతే.

అలాగని అన్నీ పారలల్ చేసేద్దామా? అదీ అన్యాయమే. ఒకడు ఇద్దర్ని వేరువేరు రోజుల్లో ముంచాడనుకోండి. ఒక్కో నేరానికి 5 ఏళ్ళు, రెండూ ఏకకాలంలో. మొదటి కుటుంబానికి 5 ఏళ్ళ న్యాయం దొరికింది. రెండో కుటుంబానికి? కాగితం మీద 5, క్యాలెండర్లో సున్నా. ఒకటి చేస్తే ఇంకోటి ఉచితం అన్నట్టు. రెండో కుటుంబం కూడా ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కింది కదా, ఎందుకెక్కినట్టు?

కాబట్టి అడగాల్సిన ప్రశ్న సీరియలా పారలలా అని కాదు, ఎక్కడ ఏది అని. దీనికి మంచి దారి సుప్రీం కోర్టే 2013లో చెక్ బౌన్సు కేసుల్లో చూపించింది. ఒకే అప్పుకి సంబంధించిన చెక్కులు ఎన్ని బౌన్సయినా అది ఒకే వ్యవహారం, శిక్షలు ఏకకాలంలో. వేరే అప్పయితే వేరే లెక్క. సామాన్యుడికి కూడా ఇది సబబుగానే అనిపిస్తుంది.

2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో కొంత మార్పొచ్చింది. ఒకే విచారణలో చాలా నేరాలు రుజువైతే, పాత చట్టంలో లాగా డిఫాల్టు లేదు. నేరాల తీవ్రత చూసి ఏకకాలమో, ఒకదాని తర్వాత ఒకటో కోర్టే చెప్పి తీరాలి. మొత్తం పరిమితి 14 నుంచి 20 ఏళ్ళకి పెరిగింది. బాగానే ఉంది. కానీ ఒకడు జైల్లో ఉండగా వేరే కేసులో శిక్ష పడితే మాత్రం, కోర్టు వేరేగా చెప్పకపోతే, ఇప్పటికీ డిఫాల్టు సీరియలే. ఆ 20 ఏళ్ళ పరిమితి కూడా వేరువేరు విచారణలకి వర్తించదు. అంటే ఆ 9 కేసుల మనిషిలాంటివాడు రేపు ఇంకొకడు రావచ్చు.

ఇంగ్లండులో జడ్జి విడివిడిగా శిక్షలు లెక్కేశాక, ఒకసారి వెనక్కి జరిగి మొత్తం న్యాయంగా ఉందా అని చూడాలని మార్గదర్శకాలున్నాయి. మనకి అలాంటివి లేవు. పెద్ద సంస్కరణలు తర్వాత సంగతి, నా మటుకు నాకు మూడు వాక్యాలు చాలు. ఇవి ఒకే వ్యవహారమా, వేరువేరా? ప్రతి బాధితుడికీ ఈ శిక్షలో వాటా దక్కిందా? అన్నీ కూడితే వచ్చే మొత్తం ఈ మనిషి చేసినదానికి తగినట్టుందా? తీర్పులో ఈ మూడింటికీ జవాబు రాయమనండి. వందల పేజీల తీర్పుకి ఇంకో మూడు వాక్యాలు భారమా?

అవి లేనంతవరకూ 7 ఏళ్ళు చూసి "డబ్బున్నోడికి ఇంతే" అంటాం, 150 చూసి చప్పట్లు కొడతాం. 18 మాత్రం మన కంట పడనే పడదు. ఎందుకంటే వైర్ల దొంగ శిక్ష కూడి చూసుకునే తీరిక మనకీ లేదు. ఏమంటారు?