పిల్లల వేగానికి ఒక మైదానం చూపిద్దాం



పోయిన నెల కమిటీలో ఒక విషయం తేలకుండా మిగిలిపోయింది. మన సభ్యుల్లో ఒకరి అబ్బాయి, ఇరవయ్యారేళ్ళవాడు, పంపుల కంపెనీలో ఇంజనీరు. రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. శని ఆదివారాల్లో జరిగే ఆటోక్రాస్ పోటీల్లో ఈ సీజనంతా దిగుతాడట. కారు మీద మన సంఘం పేరు రాసుకోనివ్వండి, తనతో వచ్చే పిల్లకాయలకు మంచి హెల్మెట్లు నాలుగు కొనివ్వండి అని అడిగాడు. కొందరు నవ్వారు, కొందరు కోపపడ్డారు. సర్వసభ్య సమావేశంలో చూద్దామని వాయిదా పడింది.

ఒప్పుకోవాలని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాము. మేము బడిలో అరవం చదివి, తెలుగు అక్షరాలు ఇంట్లో నైనా దగ్గర దిద్దుకున్నవాళ్ళం. కాబట్టి తేలిక మాటల్లోనే రాస్తున్నాము. కొంచెం పొడుగు అవుతుంది, ఓపికగా చదవండి.

ముందు ఆటోక్రాస్ అంటే ఏమిటో చూద్దాం. ఖాళీ మైదానంలోనో, పాత విమానాల రన్‌వే మీదనో కోన్లు పెట్టి వంకర టింకరగా ఒక దారి వేస్తారు. మన దేశంలో ఎక్కువగా మట్టి నేల మీద జరుగుతుంది. అమెరికాలో తారు, కాంక్రీటు నేల మీద. ఆ దారిలో ఒకసారికి ఒక్క కారే వెళ్తుంది. పక్కన గుద్దుకోవడానికి ఇంకో బండి ఉండదు. పోటీ అంతా గడియారంతోనే. కోను తగిలితే శిక్షగా సెకన్లు కలుపుతారు. అమెరికా పద్ధతిలో కోనుకు రెండు సెకన్లు. దారి తప్పితే ఆ పరుగు లెక్కలోకే రాదు. పోటీకి ముందు డ్రైవర్లు ఆ దారంతా కాలినడకన తిరిగి, ఏ మలుపు ఎక్కడుందో మనసులో పెట్టుకుంటారు. ఛాంపియన్‌షిప్ అంటే ఒక్కరోజు గెలుపు కాదు, సీజనంతా జరిగే పోటీల పాయింట్లు కలిపి చూస్తారు. ఒకరోజు తెగించి నడిపినవాడి కంటే, ప్రతిసారీ బండిని చెదరకుండా తెచ్చినవాడే ముందుంటాడు.

రైల్వేవాళ్ళకు ఈ పద్ధతి కొత్త కాదు. ఒక బ్లాక్ సెక్షన్‌లో బండి ఉండగా వెనక బండికి లైన్ క్లియర్ ఇవ్వరు. పట్టాల పని జరుగుతుంటే డ్రైవరుకు కాషన్ ఆర్డర్ రాసి ఇస్తారు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఎంత వేగమో అందులో ఉంటుంది. మేము గుమాస్తాలం, ఇంజను నడిపినవాళ్ళం కాము. అయినా ముప్పై ఏళ్ళకు పైగా ఆ కాగితాల మధ్యే కూర్చున్నాము. రైల్వేలో వేగం తప్పు అని ఎవరూ అనలేదు. ఎక్కడ ఎంత అన్నదే ప్రశ్న.

ఇప్పుడు రెండో పక్క చూడండి. రాత్రి పదకొండు దాటాక అవినాశి రోడ్డు మీద, చెన్నైలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద కుర్రాళ్ళు బండ్లు ఎలా తోలుతారో మనకందరికీ తెలుసు. తెలియనట్టు ఉంటాము. వేగం రెండింతలైతే, బ్రేకు పట్టాక కారు ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సుమారు పది మీటర్లలో ఆగే కారు 80లో నలభై మీటర్లు పోతుంది. ఆ నలభై మీటర్లలో ఒక ముసలమ్మ ఉండవచ్చు, పాలవాడు ఉండవచ్చు. శ్రద్ధాంజలి సభ పెట్టి పూలదండ వేయడానికి మన హాలు ఎప్పుడూ ఖాళీగానే దొరుకుతుంది. ఆ ఖర్చుకు ఎవరూ అభ్యంతరం చెప్పరు.

చట్టం కూడా తెలుసుకోండి. రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద, 2019 సవరణ తర్వాత, మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మైనరు పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే 199ఏ సెక్షను కింద తల్లిదండ్రులకో, బండి సొంతదారుకో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. పదో తరగతి మనవడికి బైకు తాళం ఇచ్చి మురిసిపోయే తాతలు ఇది రెండుసార్లు చదవాలి.

మెల్లగా పోరా అని చెబుతూనే ఉన్నాము. సరే నైనా అంటారు, వీధి చివర తిరగగానే మరిచిపోతారు. చోటు చూపకుండా మాట చెప్పి లాభం లేదు. మైదానంలో నేర్చేది రోడ్డు మీద కూడా పనికొస్తుంది. మలుపు రాకముందే, బండి నేరుగా ఉన్నప్పుడే బ్రేకు పట్టాలి. బ్రేకు పడితే బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది, అప్పుడు స్టీరింగు గట్టిగా తిప్పితే వెనక భాగం జారుతుంది. కళ్ళు ఈ కోను మీద కాదు, వచ్చే కోను మీద ఉండాలి. ఇవి పుస్తకం చదివితే రావు. కారు ఒకసారి జారితే తెలుస్తుంది. ఆ జారేది ఎవరూ లేని చోట జారితే పోయేది రెండు సెకన్లు.

ఇది మన ఊరికి పరాయి ఆట అనుకోవద్దు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టిన జి.డి. నాయుడు గారు మనవారే. లక్ష్మీ మిల్లుల కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ గారు మారుతి ఇంజను పెట్టి చిన్న రేసు కార్లు తయారు చేశారు. కోటీశ్వరులు కానివాళ్ళు కూడా పోటీలో దిగాలన్నదే ఆయన తపన. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. పోదనూరు దాటి చెట్టిపాళయంలో ఉన్న రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. 2005లో మన దేశం నుంచి మొదటిసారి ఫార్ములా వన్‌లో దిగిన నారాయణ్ కార్తికేయన్ పెరిగింది ఈ కోయంబత్తూరులోనే. అటు మద్రాసు దగ్గర చోళవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద ఏళ్ళ తరబడి పందేలు జరిగాయి.

ఇక అభ్యంతరాలు. డబ్బున్నవాడి కారుకు సంఘం పేరెందుకు అని ఒకరన్నారు. కారు ఆ అబ్బాయి సంపాదనతో కొన్నాడు. టైర్లు, పెట్రోలు, ఎంట్రీ ఫీజు అతనివే. మనం ఇచ్చేది పేరు, నాలుగు హెల్మెట్లు. పైగా ఈ పోటీకి స్పోర్ట్స్ కారే ఉండాలని లేదు. ఇంజను సైజును బట్టి తరగతులు ఉంటాయి, ఇంట్లో ఉన్న పాత మారుతితో కూడా దిగవచ్చు. కోన్ల మధ్య ఇరుకు దారిలో పెద్ద ఇంజను బలం చూపడానికి చోటే దొరకదు. తేలిక బండి, స్థిరమైన చెయ్యి ఉంటే చాలు. ఆడపిల్లలకు కూడా ఇందులో అడ్డేమీ లేదు.

తెలుగు సంఘానికీ కార్లకూ ఏం సంబంధం అని ఇంకొకరు అడిగారు. మేము తిరిగి అడుగుతాము. పోయిన ఉగాదికి హాల్లో అరవై దాటనివాళ్ళు ఎందరున్నారు? పచ్చడి తిని పోయే పెద్దలతో సంఘం ఎన్నేళ్ళు నడుస్తుంది? పిల్లకాయలు తమలో తాము అరవంలోనో ఇంగ్లీషులోనో మాట్లాడుకుంటున్నారు. ఆ కారు చుట్టూ నిలబడి స్పానర్ అందుకుంటూ "ఇటు ఇవ్వరా, అది కాదురా" అని నాలుగు తెలుగు మాటలు అనుకుంటే, అది మన వార్షికోత్సవ ఉపన్యాసం కంటే ఎక్కువ పని చేస్తుంది.

ప్రమాదం అసలే లేదని మేము అనము. అందుకే షరతులు ఉండాలి.

1. పద్దెనిమిదేళ్ళు నిండి, డ్రైవింగు లైసెన్సు ఉన్నవాళ్ళకే.

2. ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. అనుమతి ఉండి, ఆంబులెన్సు, మంటలార్పే సామాను సిద్ధంగా ఉన్న పోటీలే. కల్యాణమండపం వెనక ఖాళీ స్థలంలో ఎవరూ సొంతంగా కోన్లు పెట్టకూడదు.

3. హెల్మెట్లు సంఘం ఆస్తి. ఒకసారి గట్టి దెబ్బ తగిలినదాన్ని మళ్ళీ ఎవరికీ ఇవ్వకూడదు.

4. రోడ్డు మీద పందెం వేసి పట్టుబడితే, ఎవరి కొడుకైనా సరే, కారు మీద సంఘం పేరు ఆ రోజే తీసెయ్యాలి.

నాలుగో షరతు మాకు అన్నిటికంటే ముఖ్యం. సంఘం పేరు మోస్తున్న కుర్రవాడు రాత్రి అవినాశి రోడ్డు ఎక్కేముందు ఒకసారి ఆలోచిస్తాడు. పక్కనున్న స్నేహితుణ్ణి కూడా ఆపుతాడు. హెల్మెట్ల ఖర్చు దానికే.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఒక్క ఆదివారం పిల్లలతో కలిసి పోటీకి వెళ్ళండి. తాడు ఇవతల నిలబడి, మీవాడు ఎన్ని కోన్లు పడగొట్టాడో మీరే లెక్కపెట్టండి. ఇంటికి వచ్చేటప్పుడు కారు వాడే నడపనివ్వండి, మీరు పక్క సీట్లో కూర్చోండి. మా మాట సరైనదో కాదో అప్పుడు చెప్పండి.