ఆ రెండో గొంతును వదిలేయకండి

పాత హ్యాండీక్యామ్ టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఇప్పుడు చాలా ఇళ్లలో జరుగుతోంది. సంతోషం. కానీ ఆ పనిలోనే ఒక అన్యాయం కూడా జరిగిపోతోంది, ఎవరికీ పట్టడం లేదు. బొమ్మ వస్తోంది, తీసిన రోజు మైకులో పడ్డ చప్పుడు వస్తోంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరో తీరిక చేసుకుని టేపు మీద డబ్బింగ్ చెప్పిన మాట మాత్రం రావడం లేదు.

మా ఇంటి గృహప్రవేశం మినీ డీవీ టేపు మీద తీశారు. బంతి భోజనాల దగ్గర కెమెరా మైకుకు దొరికింది గరిటెల చప్పుడు, పిల్లల గోల. తర్వాత మా పెదనాన్న కెమెరాను టీవీకి తగిలించి, ఒక మైకు గుచ్చి, బొమ్మ నడుస్తుంటే ఒక్కొక్కరి గురించీ చెప్పారు. ‘ఆ చివర తల వంచుకుని తింటున్నాడే, వాడు మా మేనత్త మనవడు. పక్కన మజ్జిగ పోయించుకుంటున్నావిడ వాళ్లమ్మే నాకు పలక కొనిచ్చింది.’ ఆ పంక్తిలో సగం మందిని ఇవాళ గుర్తుపట్టేవాళ్లు మా ఇంట్లో లేరు. పెదనాన్నా లేరు. ఎక్కించడానికి ఇచ్చిన షాపు నుంచి పెన్‌డ్రైవ్ వచ్చింది. బొమ్మ శుభ్రంగా ఉంది, గరిటెలు మోగుతున్నాయి, పెదనాన్న మాట లేదు. అడిగితే ‘టేపులో ఉన్నదంతా ఇచ్చాం సార్, అందులో వేరే గొంతేమీ లేదు’ అన్నారు.

ఉంది. కెమెరా మెనూలో ఆడియో మిక్స్ అనే చోట గుర్తును ఎస్‌టీ1 నుంచి ఎస్‌టీ2 వైపు జరపగానే పెదనాన్న మాట్లాడారు.

డీవీ పద్ధతి 1990ల్లో వచ్చినప్పుడే ఈ గొంతుకు చోటు పెట్టారు. 16 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే ఒక్క స్టీరియో జతే పడుతుంది. 12 బిట్, 32 కిలోహెర్ట్జ్ ఎంచుకుంటే రెండు జతలకు చోటుంటుంది. మొదటి జతలో తీసేటప్పటి శబ్దం, ఖాళీగా ఉంచిన రెండో జతలో డబ్బింగ్. మన దేశంలో వాడే పాల్ పద్ధతిలో ఒక్కో ఫ్రేముకు టేపు మీద 12 ట్రాకులుంటాయి. మొదటి ఆరింటిలో మొదటి జత, చివరి ఆరింటిలో రెండోది. అందుకే బొమ్మనూ అసలు శబ్దాన్నీ ముట్టుకోకుండా కొత్త మాట చేర్చగలిగేవారు. ఇంత ఆలోచించి కట్టిన ఏర్పాటు ఇది.

ఫైర్‌వైర్ కేబుల్ ఆ రెండు జతలనూ కంప్యూటర్ దాకా తెస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లు మొదటి జతను తీసుకుని రెండోదాన్ని చూడనే చూడవు. ఆపైన గంటకు సుమారు 13 జీబీ తినే అసలు డీవీ ఫైలును ఎవరు దాస్తారని ఎంపీ4గా కుదించి, అసలును చెరిపేస్తారు. దాంతో ఆ గొంతు పోయినట్టే. మళ్లీ టేపు దగ్గరికే వెళ్లాలి. పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో ఎక్కించినా అంతే. ఆడియో మిక్స్ ఎస్‌టీ1 మీద ఉంటే వైర్లలోకి మొదటి జతే వస్తుంది.

బొమ్మను 4కేకి పెంచుతామని, గీతలు పోగొడతామని, రంగులు దిద్దుతామని ప్రకటనలు చూస్తున్నాం. మనిషి మాట ఉందో లేదో చూసి చెప్తామన్న ప్రకటన నాకు ఒక్కటీ కనబడలేదు. ఎందుకింత చులకన? తీసినవాడి పనితనం బొమ్మలో ఉంటే, చూసినవాడి జ్ఞాపకం ఆ డబ్బింగ్‌లో ఉంది. అమెరికాలో కొత్తగా కాపురం పెట్టిన పిల్లలు ఇల్లు, వీధి, మంచు చూపిస్తూ ఊళ్లో అమ్మానాన్నల కోసం తీరిగ్గా వ్యాఖ్యానం చేర్చి పంపిన టేపుల్లోనూ విలువైనది ఆ మాటే. మంచు ఎక్కడైనా కనిపిస్తుంది.

వ్యవధి కూడా ఎక్కువ లేదు. వీసీఆర్ల తయారీలో చివరిదాకా మిగిలిన ఫునాయ్ సంస్థ 2016లోనే ఆపేసింది. మినీ డీవీ కెమెరాలూ కొత్తవి రావు. ఉన్నవాటి హెడ్లు అరుగుతున్నాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఫైర్‌వైర్ సాకెట్టే కనబడదు.

టేపు ఇచ్చే ముందు షాపువాళ్లను అడగండి: ‘ఇది 12 బిట్‌లో తీసిందా? రెండో జతలో ఏమైనా ఉందా?’ అసలు డీవీ ఫైలునే ఇమ్మనండి, హార్డ్‌డిస్క్ మీరే తీసుకెళ్లండి. ఆ ఫైలుంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటి ఉచిత సాధనంతో రెండు జతలనూ విడివిడిగా బయటికి తీయవచ్చు. వైర్లతోనే ఎక్కించేట్టయితే ఎస్‌టీ1తో ఒకసారి, ఎస్‌టీ2తో ఇంకోసారి తీయించండి, రెండోసారికీ డబ్బులిచ్చేయండి. ఇప్పటికే ఎక్కించేశాం, అయిపోయిందనుకున్న టేపులను మాత్రం దయచేసి పారేయకండి. మీ వాళ్ల మాట ఇంకా వాటిలోనే ఉండి ఉండవచ్చు.