బాతుపిల్ల నూనెబుడ్డి



మొన్న శంషాబాదులో మా పక్కింటి కుర్రవాడు బాతుపిల్లను బుట్టలో పెట్టుకుని పరుగున వచ్చాడు.

"సారూ! దీని బొచ్చు ఊడిపోతున్నది. కొబ్బరినూనె రాయనా?"

"ఆగు నాయనా! నూనె రాస్తే బొచ్చు అట్టకట్టి చలికి ఆగదు. పిల్ల చచ్చిపోగలదు. దాని నూనెబుడ్డి దాని దగ్గరే ఉన్నది," అన్నాను.

బాతు తోక మొదట్లో నూనెగ్రంథి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె తీసి తానే ఒంటికి రాసుకుంటుంది.

పిల్లకు నాలుగు వారాలట. ఆ వయసులో నూగుబొచ్చు రాలి ఈకలు రావటం సహజమే. వీపు మీద కొత్త ఈకలు సూదుల్లా పొడుచుకు వస్తున్నవి కూడాను. కాని తిప్పి చూస్తే పొట్టమీద చర్మం ఎర్రగా కందివున్నది! బుట్టలో గడ్డి తడిముద్ద.

"అసలు సంగతి ఇదీ! రోజూ పొడిగడ్డి వెయ్యి. తల ముంచి కళ్ళూ ముక్కూ కడుక్కునేటంత లోతు గిన్నెలో నీళ్ళు పెట్టు. నీళ్ళు గడ్డిమీద చిందకుండా చూడు. పుండు పడినా, మేత మానినా రాజేంద్రనగరు పశువైద్య కళాశాలకు తీసుకుపోదాం," అన్నాను.

వారానికల్లా ఎరుపు పోయింది.

మందు వెతికేముందు పడక చూడాలి, తెలిసిందా?