లింకుల వేటకు పిల్లల్ని తోలకండి

"కంటెంట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు లింకులు తెచ్చుకోవడం నేర్చుకోండి" అని ఈమధ్య ఒక శిక్షణ సంస్థలో ఎస్‌ఈఓ (గూగుల్ వెతుకులాటలో సైటును పైకి తెచ్చే విద్య) పాఠం చెప్పే గురువుగారు కొత్త పిల్లలకు ఉపదేశించారు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు ఒళ్లు మండుతోంది. ఆ పాఠానికి 'క్రియేటివ్ లింక్ బిల్డింగ్' అని పేరు కూడా పెట్టారు. అందులో సృజన ఎక్కడుందో చూద్దామని, క్లాసులో పంచిన ఎక్సెల్ షీటు తెప్పించుకుని చదివాను. సైటు పేరు, డీఏ, స్పామ్ స్కోరు, యాంకర్ టెక్స్ట్, స్టేటస్: ఇవీ గడులు. వాటి కింద వరసగా డైరెక్టరీలు, బుక్‌మార్కింగ్ సైట్లు, ప్రొఫైల్ పేజీలు. ఆ జాబితాలో డీమాజ్ అనే డైరెక్టరీ ఇంకా ఉంది. అది 2017 మార్చిలోనే మూతపడింది. గూగుల్ ప్లస్ కూడా ఉంది. దాన్ని గూగుల్ 2019 ఏప్రిల్‌లో మూసేసింది. ఫీజు కట్టించుకుని ఇలాంటి జాబితా చేతిలో పెట్టడం మోసం కాక ఏమిటి?

అసలు లింకుకు విలువ ఎలా వచ్చిందో ఆ క్లాసుల్లో చెప్పరు. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ పరిశోధన పత్రంలో పేజ్‌ర్యాంక్ పద్ధతిని వివరించారు. ఒక శాస్త్రవేత్త రాసిన పత్రాన్ని తోటివాళ్లు తమ పత్రాల్లో ఉటంకిస్తే దాని విలువ పెరుగుతుంది కదా, వెబ్ పేజీలనూ అలాగే తూచవచ్చన్నది వాళ్ల ఆలోచన. అంటే లింకు ఒకరి పని గురించి మరొకరు ఇష్టపడి చెప్పే సాక్ష్యం. మన సాక్షిని మనమే తయారు చేసుకుని కోర్టుకు తెస్తే దాన్ని దొంగ సాక్ష్యం అంటారు. ఆ షీటు నేర్పేది అదే.

నాకు తెలిసిన ఒకావిడ పోయిన తండ్రిని తలుచుకుంటూ తన బ్లాగులో నాలుగు మాటలు రాసుకుంది. దాని కింద వచ్చిన మొదటి వ్యాఖ్య "నైస్ ఇన్ఫర్మేషన్, థాంక్స్ ఫర్ షేరింగ్". రాసినవాళ్ల పేరుండాల్సిన చోట "బెస్ట్ ప్యాకర్స్ అండ్ మూవర్స్ ఇన్ హైదరాబాద్" అనీ, దానికో లింకూ ఉన్నాయి. ఆవిడ చాలాసేపు ఏడ్చింది. ఆ వ్యాఖ్య పెట్టిన కుర్రాడిని నేను తిట్టను. రోజుకు ఇన్ని లింకులు అని టార్గెట్ పెట్టిన మేనేజరుదీ, ఆ పనిని విద్యగా నేర్పిన గురువుదీ ఆ పాపం. పోనీ, అంత చేసి ఆ కంపెనీకి ఒరిగింది ఏమైనా ఉందా? ఇలాంటి వ్యాఖ్యల బెడద తట్టుకోలేకే 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్ఎన్ కలిసి, ఈ లింకును లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే నోఫాలో గుర్తును అమల్లోకి తెచ్చాయి. బ్లాగర్ వ్యాఖ్యల్లోని లింకులకు ఆ గుర్తు ఉంటుంది. వికీపీడియాలో బయటి లింకులకూ ఉంటుంది. అయినా తెలుగు వికీపీడియాలో దుకాణాల లింకులు దూర్చేవాళ్లు దూరుస్తూనే ఉన్నారు, వాటిని ఏరి పారేయడానికి జీతం లేని స్వచ్ఛంద సంపాదకులు తమ సాయంత్రాలు ధారపోస్తూనే ఉన్నారు.

ఇక డీఏ. డొమైన్ అథారిటీ అనే ఈ అంకెను మోజ్ అనే కంపెనీ తన లెక్కల కోసం తయారు చేసుకుంది. ర్యాంకింగులో దాన్ని తాము వాడబోమని గూగుల్ మనుషులు ఎన్నోసార్లు చెప్పారు. అయినా మన దగ్గర ఇంటర్వ్యూల్లో అడిగేది దాన్నే, క్లయింటుకు పంపే నెలవారీ రిపోర్టులో చూపించేదీ దాన్నే.

"అందరూ చేస్తున్నారు, ర్యాంకులూ వస్తున్నాయి" అంటారు. జేసీ పెన్నీకీ వచ్చాయి. అమెరికాలో అంత పెద్ద దుకాణాల సంస్థ కొన్న లింకుల బలంతో నెలల తరబడి గూగుల్‌లో మొదటి స్థానాల్లో నిలిచిందని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గూగుల్ చర్య తీసుకున్న రోజు రెండు గంటల్లో ఒక సూట్‌కేసుల వెతుకులాటలో ఆ సంస్థ 1వ స్థానం నుంచి 71కి పడిపోయింది. ఆ లింకుల సంగతి మాకు తెలియదని చెప్పి సంస్థ తన ఎస్‌ఈఓ కంపెనీని తీసేసింది. పట్టుబడిన రోజు వేటు పడేది ఎవరి మీదో పిల్లలు ఇక్కడే గమనించాలి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే గూగుల్ అల్గారిథమ్ మార్పు వచ్చి ఇలాంటి లింకులున్న సైట్లను ఎన్నిటినో కిందికి లాగేసింది. 2016 నుంచి అలాంటి లింకుల విలువను సున్నా చేసి వదిలేయడం మొదలుపెట్టారు. అంటే శిక్ష తప్పినా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇన్ఫోగ్రాఫిక్కులు, స్కాలర్‌షిప్ పేరుతో కాలేజీ సైట్లనుంచి లింకు లాగడం, గెస్ట్ పోస్టులు కూడా ఇదే కోవ. గెస్ట్ పోస్టుల పని అయిపోయిందని అప్పట్లో గూగుల్ వెబ్‌స్పామ్ బృందానికి పెద్దగా ఉన్న మ్యాట్ కట్స్ 2014లోనే రాశాడు.

మరి కొత్తవాళ్లు ఏం చేయాలి? జనానికి అక్కరకొచ్చేది ఒకటి చేసి పెట్టండి. ఆంధ్రభారతి చూడండి. తెలుగు నిఘంటువులను ఒకచోట చేర్చి వెతుక్కునే వీలు కల్పించింది, మాట అర్థం కావలసినవాళ్లు దాని లింకు ఒకరికొకరు ఇచ్చుకుంటారు. మీ ఊరి మార్కెట్ ధరలో, మీ జిల్లా బస్సుల వేళలో, ఏదైనా సరే, మీకు బాగా తెలిసినది శ్రద్ధగా పెట్టండి. ఏళ్లు పడుతుందేమో, పట్టనివ్వండి.

ఎస్‌ఈఓ కోర్సులో చేరబోయే పిల్లలకు ఒక మాట. నాసిరకం డైరెక్టరీ, బుక్‌మార్కు లింకులను గూగుల్ తన స్పామ్ నిబంధనల్లో పేరు పెట్టి మరీ తప్పని రాసింది. మొదటి రోజే ఆ పేజీ తెరిచి క్లాసులో చదవమనండి. గురువుగారు తప్పించుకుంటే, కట్టిన ఫీజు వెనక్కి అడిగి బయటికి రండి.