పదకొండు వేల రూపాయల ట్రే

మొన్న సోమవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా టీం వాళ్ళకి ఫోన్లో ఒక ఫోటో చూపించాను. మా ఇంట్లో 2004 మోడల్ మారుతి 800 ఒకటుంది. అందులో గేరు రాడ్డుకీ హ్యాండ్‌బ్రేక్‌కీ మధ్య నేను సొంతంగా చేసి బిగించిన ట్రే ఫోటో అది. ఒక నీళ్ళ సీసా, ఒక టీ గ్లాసు, పార్కింగు చిల్లర, నాన్న కళ్ళజోడు పడతాయి. అంతకంటే గొప్పేం లేదు.

"ఎంతయింది బాస్?" అన్నాడు మా సీనియర్ ఒకాయన.

"మూడొందల ఎనభై అన్నా."

"టైమెంత పట్టింది?"

"రెండు శనివారాలు. మొత్తం ఓ పన్నెండు గంటలు."

ఆయన అక్కడికక్కడే లెక్క కట్టేశాడు. నా జీతాన్ని గంటలకి భాగిస్తే సుమారు తొమ్మిదొందలట. పన్నెండు గంటలకి పదివేల ఎనిమిదొందలు, పైన సామానుకి మూడొందల ఎనభై. "అంటే ఇది పదకొండు వేల ట్రే. ఆన్‌లైన్లో ఆరొందలకి రేపు ఉదయానికి ఇంటికొస్తుంది కదా బాబూ!" టేబుల్ మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం మండింది. ఈ టపా ఆ మంటలోంచి వచ్చిందే.

ముందు ఆ లెక్క సంగతి తేల్చుకుందాం. శనివారం మధ్యాహ్నం మూడింటికి నాకు గంటకి తొమ్మిదొందలు ఎవడిస్తున్నాడండీ? ఎవడూ ఇవ్వట్లేదు. ఇదే సీనియర్ అంతకు ముందు వారం ఇదే టేబుల్ దగ్గర, రాత్రంతా కూర్చుని ఒక సిరీస్ ఎనిమిది ఎపిసోడ్లూ పూర్తి చేశానని చెప్పాడు. అప్పుడు ఎవరూ ఎనిమిదిని తొమ్మిదొందలతో హెచ్చవేయలేదు. ఆదివారం మాల్ పార్కింగులో గంట తిరిగితే హెచ్చవేయం. మనం ఈ గుణకారం చేసేది ఒకే ఒక్క సందర్భంలో - ఎవడైనా చేతికి మట్టి అంటించుకున్నప్పుడు. అంటే అసలు బాధ టైము గురించి కాదు. "ఇంజనీరు అయ్యుండి రంపం పట్టుకోవడం ఏంటి" అన్నది అసలు ప్రశ్న. దాన్ని నేరుగా అడగలేక లెక్కల పుస్తకం వెనక దాక్కుంటున్నాం.

సరే, అసలు నేను రంపం ఎందుకు పట్టుకున్నానో చెప్తాను.

మూడేళ్ళ క్రితం ఆ కారులో ఫోను ఛార్జింగు కోసం ఒక సాకెట్ పెట్టించాను. మాది స్టాండర్డ్ మోడలు, ఏసీ లేదు, లైటర్ సాకెట్ కూడా లేదు. ఇంటి దగ్గర్లో ఉన్న ఒక కారు అలంకరణ షాపుకి తీసుకెళ్తే నలభై నిమిషాల్లో పని అయిపోయింది. ఆ నలభై నిమిషాలూ నేను పక్కనే కుర్చీలో కూర్చుని ఫోను చూస్కుంటున్నాను. డబ్బులిచ్చాను, వచ్చేశాను.

రెండు నెలల తర్వాత నల్గొండలో ఒక పెళ్ళికి బయల్దేరాం. నాన్న నడుపుతున్నారు, నేను పక్కన, వెనక అమ్మా నానమ్మా. చౌటుప్పల్ దాటాక నానమ్మ అంది, "ఏందిరా, కాలిన వాసనొస్తుంది" అని. బయటి నుంచేమో అనుకున్నాను. నిమిషంలో నా కాళ్ళ దగ్గర నుంచి పొగ లేచింది. నాన్న పక్కకి ఆపి, బోనెట్ ఎత్తి, తడి తువ్వాలు చేతికి చుట్టుకుని బ్యాటరీ దగ్గర నుంచి ఒక వైరుని ఒక్క గుంజు గుంజారు. ఊడొచ్చింది. పొగ ఆగింది. ఆ వైరుని బ్యాటరీ టెర్మినల్‌కి సరిగ్గా బిగించకుండా ఊరికే చుట్టి వదిలేశాడు కాబట్టే అంత తేలిగ్గా ఊడింది. అంటే చేతకాని పని వల్ల ప్రమాదం వచ్చింది, ఇంకో చేతకాని పని వల్ల బతికాం.

ఇంటికొచ్చి చూస్తే సంగతి సింపుల్. బ్యాటరీ నుంచి వైరు, ఇంజనుకీ మన కాళ్ళకీ మధ్య ఉండే రేకులో ఒక రంధ్రం గుండా లోపలికి వచ్చింది. ఆ రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ లేదు. బండి అదురుకి రేకు అంచు వైరు తొడుగుని కొంచెం కొంచెంగా కోసేసింది. లోపలి రాగి రేకుకి తగిలింది. షార్ట్. మధ్యలో ఫ్యూజు ఉండుంటే అది టప్‌మని పోయి అక్కడితో కథ ముగిసేది. ఫ్యూజు లేదు. "పన్నెండు వోల్టులే కదా" అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పన్నెండు వోల్టులు షాక్ కొట్టవు, నిజమే. కానీ స్టార్టర్ మోటార్ని తిప్పడానికి వందకి పైగా ఆంపియర్లు ఇచ్చే బ్యాటరీ అది. షార్ట్ అయితే ఆ కరెంటంతా ఒక సన్నటి వైరులోంచి పోతుంది. అప్పుడు ఆ వైరు హీటర్ కాయిల్‌తో సమానం.

షాపుకెళ్ళి అడిగితే, "అందరికీ ఇలాగే వేస్తాం సార్, మీ ఒక్కరికే వచ్చింది కంప్లైంటు" అన్నాడు. తిట్టాలనుకున్నాను. కానీ నా సంగతేంటి? నేను చదివింది ఎలక్ట్రానిక్స్. ఓమ్ సూత్రం ఎనిమిదేళ్ళు రకరకాల పరీక్షల్లో రాశాను. అతను ఫ్యూజు లేకుండా వైరు లాగుతుంటే మూడడుగుల దూరంలో కూర్చున్నాను. తల ఎత్తి చూసుంటే చాలు, తెలిసేది. చూడలేదు. ఎందుకంటే "అది వాళ్ళ పని". సగం తప్పు అతనిదైతే మిగతా సగం నాది. ఇంకా చెప్పాలంటే చదువుకున్నవాణ్ణి కాబట్టి నాదే ఎక్కువ.

ఈ "వాళ్ళ పని" అనే మాట మనకి ఎక్కడ అంటుకుంది? ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో వర్క్‌షాప్ ల్యాబు గుర్తుందా? కార్పెంటరీ, ఫిట్టింగ్, టిన్ స్మిథీ, హౌస్ వైరింగు. ఇనుప ముక్కని ఆకురాయితో రాసి రాసి వీ ఆకారంలో జత కుదిర్చే పని. మీలో ఎంతమంది నిజంగా రాశారు? మా బ్యాచిలో సగం మంది సీనియర్ల ముక్కల మీద తుప్పు గీకి చూపించారు. మిగతా సగంలో కొందరు ల్యాబులో పనిచేసే ఆయనకి యాభై రూపాయలిచ్చి చేయించుకున్నారు. నేను రెండో రకం. మార్కులొచ్చాయి. పద్దెనిమిదేళ్ళకి మనం నేర్చుకున్న పాఠం ఏంటంటే, చేతిపని అంటే డబ్బులిచ్చి చేయించుకునేది, సంతకం మాత్రం మనం పెట్టేది. అయితే ఈ చిన్నచూపు కాలేజీలో పుట్టలేదు, ఇంటి నుంచే తెచ్చుకున్నాం. కాలేజీ దానికి డిగ్రీ ఇచ్చింది, అంతే.

అదే విజయవాడ ఆటోనగర్‌కి వెళ్ళి చూడండి. ఉత్త ఛాసిస్ మీద లారీ క్యాబిన్ కట్టేస్తారు. చెక్క, రేకు, రెక్సిన్, డ్రైవరు పడుకునే బల్ల, దేవుడి పటానికి గూడు - అన్నీ కొలిచి, కోసి, బిగించి. కస్టమ్ ఇంటీరియర్ అని మనం స్టైలుగా పిలిచేది వాళ్ళకి రోజువారీ పని. అక్కడి మేస్త్రీకి డిజైన్ థింకింగ్ మీద మూడు రోజుల ట్రైనింగు ఎవరూ ఇవ్వలేదు.

కాలిన వైరు తీసేశాక నేను మొదట చేసింది ఛార్జింగు లైనే. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి ఫ్యూజు హోల్డరు, ఒక చదరపు మిల్లీమీటరు వైరు, సాకెట్, గ్రోమెట్ తెచ్చుకున్నాను. అన్నీ కలిపి మూడొందల లోపే. పద్దెనిమిది వాట్ల ఛార్జరు పన్నెండు వోల్టుల దగ్గర లాగేది ఒకటిన్నర ఆంపియర్, వృథా కూడా కలుపుకుంటే రెండు. ఐదు ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఫ్యూజు ఎక్కడ పెట్టాలి? సాకెట్ దగ్గర కాదు, బ్యాటరీ పక్కనే. ఎందుకంటే ఫ్యూజు కాపాడాల్సింది ఛార్జరుని కాదు, వైరుని. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఎంత వైరుంటే అంత వైరు దిక్కులేనిదే. ఈ నాలుగు వాక్యాలు ఆ రోజు నాకు తెలియవా? తెలుసు. కానీ చేతికి తెలియదు.

తర్వాత ధైర్యం వచ్చి ట్రే మొదలెట్టాను. నేరుగా చెక్క కొయ్యలేదు. ఫ్రిజ్ కొన్నప్పటి అట్టపెట్టె కోసి నమూనా చేశాను. మొదటి నమూనా పెట్టి గేరు మార్చాను. ఒకటి, మూడు బానే ఉన్నాయి. రెండు, నాలుగు పడాలంటే రాడ్డు వెనక్కి రావాలి కదా, అది వచ్చి గ్లాసుకి తగిలింది. రెండో నమూనాలో గేరు సమస్య పోయింది, కానీ దించి ఉన్న హ్యాండ్‌బ్రేక్ పట్టుకోబోతే వేళ్ళు దూరే చోటు లేదు. అత్యవసరంలో బ్రేకు లాగలేకపోతే ఆ ట్రే ఎంత అందంగా ఉండి ఏం లాభం? మూడోది కుదిరింది. ఆఫీసులో రిక్వైర్‌మెంట్ల మీద నేను పంపిన మెయిళ్ళన్నిటికంటే ఈ రెండు అట్టముక్కలు నాకు ఎక్కువ నేర్పాయి.

వీధి చివర వడ్రంగి దగ్గర మిగిలిన తొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క 120, రెక్సిన్ 90, రబ్బరు గమ్ము 70, పల్చటి ఫోము 60, క్లాంపులూ స్క్రూలూ 40. మొత్తం 380. గేరు రాడ్డు చుట్టూ ఉండే కవర్‌కి ముందే ఉన్న స్క్రూ రంధ్రాలకే బిగించాను. నేలరేకులో కొత్తగా రంధ్రం వేయలేదు. అక్కడ రంధ్రం అంటే తుప్పుకి ఆహ్వానం. పైగా కింద పెట్రోలు పైపూ బ్రేకు పైపూ ఎక్కడ పోతున్నాయో చూడకుండా డ్రిల్లు పెట్టకూడదు.

తప్పులు చేయలేదా? చేశాను. ఫ్రెండు దగ్గర త్రీడీ ప్రింటరుంటే ఫోను హోల్డరు ముద్రించుకున్నాను, పి.ఎల్.ఎ. ప్లాస్టిక్‌తో. మే నెల ఎండలో ఓపెన్ పార్కింగులో వదిలి సాయంత్రం వస్తే వడలిన తమలపాకులా వేలాడుతోంది. పి.ఎల్.ఎ. అరవై డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మన ఎండకి డ్యాష్‌బోర్డు అది సులువుగా దాటేస్తుంది. ఎ.బి.ఎస్. అయితే సుమారు వంద దాకా ఆగుతుంది. ఇది ఇంటర్‌నెట్లో మొదటి పేజీలోనే ఉంది. చదవలేదు.

ఇక "ఇంట్లో చేసింది సేఫ్ కాదు, రెడీమేడే నయం" అనే పెద్దమనుషులకి ఒక మాట. సీటు బెల్టు పెట్టుకోకుండా అలారం నోరు మూయించే క్లిప్పులు గుర్తున్నాయా? అవి ఎవడి పెరట్లోనూ తయారవలేదు. చక్కగా ప్యాక్ చేసి, స్టార్ రేటింగులతో అమ్మారు. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలకి ఆదేశాలిస్తే, తీసేసినవి 13,118 లిస్టింగులు. కాబట్టి రెడీమేడ్ అయినంత మాత్రాన సేఫ్ కాదు, సొంతంగా చేసినంత మాత్రాన కూడా కాదు. ఎవడో ఒకడు కూర్చుని ఆలోచించాడా లేదా అన్నదే తేడా.

ఆ ఆలోచనలో భాగంగానే చెప్తున్నాను, ఎయిర్‌బ్యాగులున్న కారు జోలికి నాలాగా వెళ్ళకండి. మా 800లో ఎయిర్‌బ్యాగే లేదు, కాబట్టి డ్యాష్‌బోర్డు మీద వినాయకుడు కూర్చున్నా ఆయనకీ మనకీ గొడవ లేదు. 2022 జనవరి నుంచి తయారైన కార్లలో ముందు రెండు సీట్లకీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. ఎడమవైపు మూత మీద అతికించిన విగ్రహం ప్రమాదంలో ఎగిరొచ్చేది మన మొహం మీదికే. సీట్లో సైడు ఎయిర్‌బ్యాగుంటే దాని మీద బిగుతుగా కవరు తొడగడం కూడా అంతే. బెల్టు, స్టీరింగు, బ్రేకు, సీటు బోల్టులు - వీటి జోలికి ఏ కారులోనూ వెళ్ళొద్దు.

"ఇంత తంటా ఎందుకు, కొత్త కారు కొనొచ్చుగా" అంటారు. కొనొచ్చు. ఏడేళ్ళ ఈఎంఐ కట్టి, వారెంటీ పోతుందేమోనని ఒక్క స్క్రూ కూడా ముట్టుకోకుండా తిరగొచ్చు. పాత బండి ఊరికే రాదని నాకూ తెలుసు. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజుని కేంద్రం 600 నుంచి 5,000 చేసింది. అందరూ పాత కారే నడపాలని నా వాదన కాదు. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా ముప్ఫై ఏళ్ళు తయారైన ఆ చిన్న కారు ఇంకా మన వీధుల్లో ఉంది. దాని స్క్రూలు కంటికి కనిపిస్తాయి, వైర్లు చేతికి అందుతాయి. నేర్చుకోవడానికి అంతకంటే మంచి ల్యాబు మనకి ఏ కాలేజీ ఇవ్వలేదు.

ఇంకొకాయన అన్నాడు, "అందరూ సొంతంగా చేస్కుంటే పనివాళ్ళు ఏమవ్వాలి?" అని. మంచి ప్రశ్నే. ట్రే అయ్యాక ఉత్సాహంతో సీటు కవరు కూడా కుడదామని కూర్చుని, ఒక మీటరు రెక్సిన్ పాడుచేశాను. చివరికి ఆటోలకి సీట్లు కుట్టే ఒకాయన దగ్గరికెళ్ళాను. మూల దగ్గర రెక్సిన్ ముడత పడకుండా ఎలా లాగాలో ఆయన చేతులు చూస్తూ నిలబడ్డాను, ఈసారి ఫోను జేబులో పెట్టి. ఆయన చెప్పిన ధర అలాగే ఇచ్చేశాను. ఇంతకు ముందైతే వంద తగ్గించమని అరగంట బేరమాడేవాణ్ణి. పని ఎంత కష్టమో తెలిస్తేనే పనివాడికి ఎంతివ్వాలో తెలుస్తుంది.

కాబట్టి సీనియర్ గారూ, ఒప్పుకుంటున్నాను, అది పదకొండు వేల ట్రేనే. కానీ ఆ రోజు చౌటుప్పల్ దగ్గర కారులో నలుగురం ఉన్నాం. ఆ నలభై నిమిషాల్లో నేను తల ఎత్తకుండా ఆదా చేసిన టైము ఖరీదెంతో కూడా ఒకసారి గుణించి చెప్పండి.

మిగతావాళ్ళకి ఒక్కటే మనవి. ఈ శనివారం మీ కారు బోనెట్ ఎత్తి, బయట షాపులో వేయించిన ప్రతి వైరుకీ బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉందో లేదో చూడండి. ట్రే తర్వాత చేస్కోవచ్చు.